పలకల కింద నల్ల చుక్కలు

శాలిబండ, హైదరాబాద్
14 ఆగస్టు 2024, బుధవారం
పొద్దున ముసురు, మధ్యాహ్నం తెరిపి. మైదా సంచులు మేడ మీద ఆరేసి దింపిన.

మాణిక్యక్కకు,

ఇక్కడ క్షేమం. నువ్వు రెండుసార్లు ఫోన్ చేసినవని ప్రేమ్‌రాజ్ సేఠ్ చెప్పిండు. నాకు ఫోన్ల వినబడదని నీకు తెలుసు. పిండి కలిపే మిషన్ పక్కన కూర్చొని ఇన్నేండ్లు లెక్కలు రాసిన చెవులు ఇవి. కోడలు భాగ్యశ్రీతోని ఉత్తరమే రాయించు.

నీకు చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. బాలనర్సింహ ఇప్పుడు మా బేకరీల లేడు. సేఠ్ తీసేసిండు. నీ మరిది కొడుకని, నీ మాట మీద నేను పెట్టించిన మనిషి కనుక నీకు తెలియాలె.

జరిగింది ఇది. బోనాలు అయిపోయిన వారం రొట్టెలు పేర్చే చెక్క పలకల మీద నారింజ రంగు పొడి కనబడ్డది. ముట్టుకుంటే చేతికి అంటుతది, ఊదితే గదంతా లేస్తది. సాయంత్రం తెల్లగ ఉన్న రొట్టె తెల్లారేసరికి కాషాయం కట్టుకొని ఉంటున్నది. దుకాణాలోళ్ళు రొట్టెలు తిరిగి పంపిన్రు. నా దగ్గర డిగ్రీ వృక్షశాస్త్రం పుస్తకం ఉన్నది, జుమ్మెరాత్ బజార్ల కొన్న పాత మైక్రోస్కోపు ఉన్నది. రెండూ ముందు పెట్టుకొని చూసిన. ఇది బూజు జాతి. పుస్తకంల సంచి శిలీంధ్రాలు అనే పెద్ద వర్గం కింద రాసిన్రు. విత్తనాల లెక్క ఉండే కణాలను కంటికి కనబడని చిన్న సంచుల్ల కడ్తయి కనుక ఆ పేరు. మనం రొట్టె పొంగించే ఖమీర్ కూడా అదే వర్గం. పొడిని వేడి చంపుతదని పుస్తకంల ఉన్నది. అదే సేఠ్‌కు చెప్పిన.

ఒక సెలవు నాడు పలకలు, గుడ్డలు అన్నీ రొట్టెలు కాల్చే భట్టి గదిల పేర్చి, తలుపులు మూసి, బాలనర్సింహ పొద్దుందాక భట్టి కాల్చిండు. లోపల కాలు పెట్టరాలే. తెల్లారి చూస్తే రంగు లేదు. నాలుగు రోజులకు మళ్ళ వచ్చింది, మొదటి కన్నా ఎక్కువ.

మా బేకరీల ఒక రివాజు ఉన్నది. ఖమీర్ కుండల ఒక్క మనిషే చెయ్యి పెడ్తడు. ఇవాళ్టి పిండిల కొంచెం రేపటికి తీసి పెట్టేది ఆ చెయ్యే. ఉస్తాద్ ఖాదర్ భాయ్ ముసలోడయినంక ఆ చెయ్యి బాలనర్సింహది. సేఠ్ అందరి ముందట అన్నడు, "భట్టి సక్కగ కాల్చలే, లేకుంటే నీ చెయ్యే చెడ్డది" అని. బాలనర్సింహ చేతులు కడుక్కొని, బట్టల సంచి తీసుకొని పోయిండు. నేను ఆ పూట లెక్క రాస్తుంటి.

మీ ఊరికి వచ్చిండా, రాయి.

తమ్ముడు
రాజన్న

*

కొత్తూరు, జహీరాబాద్ తాలూకా
27 ఆగస్టు

తమ్ముడు రాజన్నకు,

అక్క మాణిక్యమ్మ చెప్తుంటే భాగ్యశ్రీ రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివిపిచ్చుకున్న. మొదట వాన. తర్వాత మైదా సంచులు. నడుమ బూజు పాఠం. మనిషి పోయిన ముచ్చట ఆఖరుకు. గిది ఉత్తరమా, రేడియోల వార్తలా? నా కోడలు నవ్వి నవ్వి నడుం పట్టుకున్నది. దానికి ఏడో నెల, నవ్వియ్యకు.

బాలనర్సింహ ఇక్కడికి రాలే. వస్తే చెప్త. నువ్వు ఫికర్ చెయ్యకు, చేసేటోనివి కూడా కావు.

గా రంగు ముచ్చట అడుగు, నేను చెప్త. గది నాకు కొత్తనా? చెరుకు కొట్టినంక ఆకుకు నిప్పు పెడ్తరు కదా, నాలుగు రోజులు మంచు పడ్డదంటే కాలిన మోళ్ళకు గదే రంగు పూస్తది. నీకు ఏడెనిమిదేండ్లు ఉంటయి. కుంకుమ దొరికింది కుంకుమ దొరికింది అని దోసిట్ల పట్టుకొచ్చినవు. నా మట్టిబొమ్మకు బొట్టు పెట్టినం. అమ్మ చూసి, కాలిన చేన్ల తిరుగుతరా అని ఇద్దరి వీపులు పగులగొట్టింది. నువ్వు ఏడ్వలే. గప్పుడు గూడ ఏం మాట్లాడలే. నేనే ఇద్దరి లొల్లి చేసిన.

మా గానుగ కాడ చెరుకు పిప్పి కుప్ప మీద కూడా పూస్తది. దాన్నే కదా మీ భట్టికి లారీల పంపుతున్నం. మీ బేకరీకి మా కుంకుమ పోయిందేమో చూసుకో.

వచ్చే వారం భాగ్యశ్రీ పుట్టింటికి పోతది. ఇగ ఉత్తరం ఎవరితోని రాయిస్తనో దేవునికెరుక.

నీ అక్క
మాణిక్యమ్మ

*

శాలిబండ
11 సెప్టెంబర్ 2024, బుధవారం
ఎండ, ఉక్క. భట్టి బూడిద తీయించిన.

అక్కకు,

వీధికో వినాయకుడు, ఒక్కొక్కరికి రెండేసి మైకులు. అందరూ నిద్రలేదంటున్నరు. నాకు తేడా తెలియలే.

నువ్వు రాసిన కాలిన మోళ్ళ సంగతి బాగ పనికొచ్చింది. నాకు గుర్తు లేదు. ఒకటి అడగాలె: కాల్చని చేన్ల ఆ రంగు ఎప్పుడన్నా చూసినవా? కాలినంకనే వస్తదా? నిప్పుకు చచ్చేది నిప్పు తర్వాత ఎందుకు పూస్తదో నాకు సమఝ్ కావట్లే.

ఇక్కడ ఖమీర్ కుండల కొత్త మనిషి చెయ్యి పెడ్తున్నడు. ఆయన వచ్చి మూడు వారాలయింది. చెయ్యి మారింది, రంగు మారలే. ఆ మాట నా రోజు పుస్తకంల రాసుకున్న. సేఠ్ అడగలే, నేను చెప్పలే. సేఠ్ మటుకు పాత చెయ్యి దోషం ఇంక దిగలేదంటున్నడు.

పుస్తకంల ఒక ముచ్చట చదివిన. పూర్వం ఈ నారింజ బూజుకు వేరే పేరు ఉండేది. దీని పొడి ఒక్కటే చూసిన్రు, సంచి ఎవ్వరికీ కనబడలే. సంచి కనబడని వాటన్నిటిని అసంపూర్ణ శిలీంధ్రాలని ఒక గంపల ఏసి పెట్టిన్రు. తర్వాత వందేండ్ల కింద ఎవరో దీని సంచిని కనుక్కున్నరు. అప్పుడు గంపలకెళ్ళి తీసి, అసలు వర్గంల కూర్చోబెట్టి, కొత్త పేరు పెట్టిన్రు. ఇట్ల చానా వాటికి జరిగిందట. సగం చూసి పేరు పెట్టేది, మిగిలిన సగం చూసి మార్చేది. అప్పటిదాక అది బూజే, ఇప్పుడూ అది బూజే. దానికేం తేడా లేదు.

మొన్న బహదూర్‌పురా పోయిన. అక్కడ రెండు బేకరీల్ల బాలనర్సింహ కోసం అడిగిన. వచ్చిండట, పని అడిగిండట. "ఆయన చెయ్యి పెడితే రొట్టె రంగు మారుతదట కదా" అని రెండు చోట్లా అదే మాట. రొట్టెలు ఏసుకపోయే సైకిళ్ళోళ్ళు చెప్పిన్రట. పాతబస్తీల ఆయనకు ఖమీర్ ఎవ్వరు ఇయ్యరు. ఆయనకు వచ్చిన పని అదొక్కటే.

అక్కడికి వచ్చిండా అని మళ్ళ అడుగుతున్న.

రాజన్న

*

కొత్తూరు
29 సెప్టెంబర్

రాజన్నకు,

అక్క చెప్పంగ రాసింది. భాగ్యశ్రీ పుట్టింట్ల ఉన్నది, పక్కింటి పిల్లతోని రాయిస్తున్న. తప్పులుంటే నీ ఎర్రపెన్నుతోని దిద్దుకో.

కాల్చని చేన్ల గా రంగు నేను చూడలే. మా గానుగోళ్ళను అడిగిన, ఎవ్వరు చూడలే. నిప్పు పోయిన తొవ్వ పొంటే వస్తదన్నరు.

పిప్పి మీద ఎట్ల వస్తది, అది కాలలేదు కదా అని నువ్వు అడుగుతవు. గానుగ పొయ్యి పక్కనే కుప్ప పోస్తం. చెయ్యి పెట్టరాని వేడి.

ఇగ నీ బూజు సంగతి. నువ్వు పలకలు పై దిక్కు చూస్తున్నవు. ఎత్తి కింది దిక్కు చూసినవా? ఉత్తరం గోడకు ఆనించి పెట్టే పలకలు, నీళ్ళ డ్రమ్ము పక్కన, వాటి అడుగున నల్ల చుక్కలు ఉంటయి. మాడిన రవ్వ అంటుకున్నట్టు ఉంటయి గని రవ్వ కాదు, గోరుతోని గీకితే పటపట లేస్తయి. నారింజ పొడి తడిసి ఆరిన కాడనే ఉంటయి. భట్టి కాల్చక ముందునుంచి ఉన్నయి. నీకు చెప్తే "మసి" అని అంటివట. చూడు ఒకసారి.

రాజా, ఒక్క మాట చెప్త, కోపం చేసుకోకు. నీ కాడ అద్దం ఉన్నది, కంటికి కనబడనిది చూస్తవు. ముందట నిలబడ్డ మనిషి మొఖం చూడవు. పదకొండేండ్లు వాడు నీ పక్కన కూసొని తిన్నడు. సేఠ్ గంత మాట అన్న నాడు ఖాదర్ భాయ్ అన్నా అడ్డం పోయిండు. నువ్వు తల ఎత్తలేదు. వేడి పెట్టుమన్నది నువ్వే కదా. గా మాట ఒక్కటి అంటే ఏం పోతుండె?

పిల్ల అలిసిపోయింది. ఉంట.

మాణిక్యమ్మ

*

శాలిబండ
20 అక్టోబర్ 2024, ఆదివారం
పొద్దున పొగమంచు లెక్క, తర్వాత ఎండ. పలకలన్నీ తిరగేసి తుడిచిన.

అక్కకు,

నల్ల చుక్కలు ఉన్నయి. ఉత్తరం గోడకు, నీళ్ళ డ్రమ్ము పక్కన, నువ్వు చెప్పిన చోటనే.

ఒక చుక్కను సూదితోని తీసి, అద్దం పలక మీద నీటిబొట్టుల పెట్టి, మీద ఇంకో అద్దం పెట్టి నొక్కిన. మైక్రోస్కోపుల చూస్తే అది చుక్క కాదు, మెడ ఉన్న చిన్న కుండ. పగిలిన కుండలకెళ్ళి గుత్తి లెక్క సన్నని గొట్టాలు బయటికి వచ్చినయి. ఒక్కో గొట్టంల నల్లటి గింజలు ఒకదాని వెనుక ఒకటి, చిక్కుడుకాయల గింజల తీరు. లెక్కపెట్టిన. ఎనిమిది. ఇంకోటి చూసిన, అందులో కూడ ఎనిమిదే. ఇదే సంచి. ఇన్నాళ్ళు పుస్తకంల బొమ్మ చూసుడే గని కంటితోని చూడలే.

దీనితోని అన్నీ తెలిసినయి. వరుసగ రాస్త.

నారింజ పొడి ఈ బూజు ఒంటిగ ఉన్నప్పుడు ఏసేది. దాన్ని వేడి చంపుతది. పుస్తకంల అది చదివి నేను ఆగిన. తర్వాతి పేజీ చదవలే. సంచిలున్న నల్ల గింజను వేడి చంపదు, లేపుతది. లేపేదాకా ఏండ్లకేండ్లు పండుకొని ఉంటది. మీ చేన్ల నిప్పు పోయిన తొవ్వల పూసేది ఇందుకే. భట్టి గదిల ఆ రోజు మేం చేసింది పొడిని చంపి గింజలను లేపుడు.

సంచి ఊరికే కట్టదు. ఈ బూజుల రెండు రకాలు ఉన్నయి. ఆడ, మగ అనేటట్టు కాదు, చూస్తే రెండూ ఒక్క తీరే. కాని ఒక రకం ఒంటరిగ ఎంత పెరిగినా పొడే ఏస్తది, సంచి కట్టదు. రెండో రకం తగులాలె. మీ పిప్పి ఎన్నేండ్ల నుంచో వస్తున్నది, ఎప్పుడన్నా రంగు కనబడ్డా రెండు రోజులల్ల పోయేది. ఈ వానల్ల పిప్పి తడిసి సరిపోకపోతే ఛత్రినాక కాడ మక్క కంకులు కాల్చే యశోద దగ్గర గింజలు తిన్నంక మిగిలే బెండ్లు తెచ్చి అదే మూలకు పోసినం. రెండో రకం ఆ బెండ్లతోని వచ్చి ఉంటది. వేరే దారి నాకు కనబడట్లే.

బెండ్లు తెప్పించింది నేను. వేడి పెట్టమన్నది నేను. భట్టి కాల్చింది బాలనర్సింహ. చాలా బాగ కాల్చిండు. బాగ కాల్చబట్టే అన్నీ లేచినయి.

సేఠ్‌కు చూపించేటందుకు ఒక పరీక్ష పెడ్తున్న. చుక్కలను బ్లీచింగ్ నీళ్ళల్ల ముంచితే మీది పొడి చస్తది, గింజ ఉంటది. సగం చుక్కలను భట్టి మూతి కాడ అరగంట వెచ్చబెడ్త, సగం పెట్ట. రెండింటిని వేరువేరు తడి రొట్టెల మీద ఏసి గాజు గిన్నెలు బోర్లిస్త. ఎవ్వరి చెయ్యి తగలకుండ చిమటాతోనే పట్టి.

అక్కా, నువ్వు మా బేకరీకి ఎన్నడూ రాలే. ఉత్తరం గోడ, నీళ్ళ డ్రమ్ము నీకు ఎట్ల తెలుసో అడగను. నాకు చుక్కల సంగతి చెప్పిన మనిషి ఒక్కడే. అప్పుడు నేను మసి అన్న మాట నిజం. ఉత్తరం రాసిన పిల్ల చెయ్యి మంచిగున్నదని చెప్పు. ఒక్క తప్పు లేదు.

ఏం పోతుండె అని నువ్వు అడిగిన మాటను నా రోజు పుస్తకంల ఎత్తి రాసుకున్న.

రాజన్న

*

కొత్తూరు
3 నవంబర్

రాజన్నకు,

దొరికిపోయిన. నేను చెప్పంగనే వాడు రాసిండు, నేను చెప్పనివి కూడ రాసిండు. నువ్వు పట్టుకుంటవని నాకు తెల్వదా? పట్టుకోవాలెననే గా డ్రమ్ము మాట కొట్టెయ్యమనలే.

వాడు నీ మొదటి ఉత్తరం కన్నా ముందే వచ్చిండు. "మామకు చెప్పకు పెద్దమ్మా" అని ఒట్టు పెట్టుకున్నడు. గానుగ కాడ పొయ్యికి పిప్పి ఎగదోస్తున్నడు. తింటడు, పంటడు. నా ఇంట్ల జొన్న రొట్టె పిండి కలపమంటే కూడ చెయ్యి పెట్టడు. కంచం ముందట కూసొని చేతులు చూసుకుంటడు. గట్టి మనిషి, ముప్పై మూడేండ్లోడు, గట్ల చేతులు చూసుకుంటుంటే నేనే రొట్టె తుంచి వాని చేతుల పెడ్త.

నీ ఉత్తరం వాడే చదివి వినిపిచ్చిండు. "బాగ కాల్చబట్టే లేచినయి" అన్న కాడ ఆగిండు. బయటికి పోయి వచ్చి మళ్ళ మొదలుపెట్టిండు. ఇగ కింద వాని మాట, వాడే రాస్తడు.

మామా, దండాలు.

పరీక్ష సంగతి చదివిన. గెలుస్తది, నాకు తెలుసు. సేఠ్ రమ్మంటడు. కాని రొట్టె ముక్క మీద పూసిన బూజు సాక్ష్యం చెప్తే నేను రాను. నా చెయ్యి చెడ్డదని మనిషి అన్నడు, పదిమంది ఇన్నరు, సైకిళ్ళ మీద మోసుకపోయిన్రు. మనిషే మళ్ళ అనాలె, గా పదిమందే ఇనాలె. సేఠ్ అన్నా అనకపోయినా, నువ్వు అనాలె. నువ్వు ఎందుకు తల ఎత్తలేదో నాకు తెల్వదు. నువ్వు అట్లనే ఉంటవని నేను పదకొండేండ్ల నుంచి చూస్తున్న గని, గా రోజు ఎత్తుతవనుకున్న.

ఖమీర్‌ను మీది ఎండనుంచి తప్పించి పెట్టమను. కొత్తాయన నీళ్ళు ఎక్కువ పోస్తున్నడేమో, పుల్లవాసన వస్తే కొంచెం మైదా తగిలించమను.

బాలనర్సింహ

*

శాలిబండ
17 నవంబర్ 2024, ఆదివారం
చలి మొదలు. కొత్త పలకలు వడ్రంగి దగ్గర తెచ్చిన.

అక్కకు, బాలనర్సింహకు,

ముందు పరీక్ష సంగతి. వెచ్చబెట్టిన చుక్కలు ఏసిన రొట్టె మూడో నాడు నారింజ రంగు. వెచ్చబెట్టనిది తెల్లగనే ఉన్నది. సేఠ్ రెండు గిన్నెలు అటు ఇటు తిప్పి చూసిండు. "అయితే చెయ్యి కాదంటవు. సరే, రమ్మను" అన్నడు. గల్లా పెట్టె కాడికి పోయిండు. అంతే. అది నీ ఉత్తరం రాక ముందు.

ఉత్తరం వచ్చినంక రెండు రోజులు ఏం చెయ్యలే. మూడో నాడు మధ్యాహ్నం, రొట్టెలు ఏసుకపోను సైకిళ్ళోళ్ళందరు వచ్చి చాయ్ తాగే యాళ్ళకు, పుస్తకం మూసి లేచి నిలబడ్డ. నేను లేస్తే ఎవ్వరు చూడరు. ఖాదర్ భాయ్ చూసిండు. "క్యా హువా మున్షీ, తబీయత్ ఖరాబ్?" అని అడిగిండు. లెక్కలు రాసెటోన్ని కనుక మున్షీ అంటడు, ఒంట్ల బాగలేదా అన్నడు. ఆయన నా చెవి కాడ అరుస్తడు కనుక అందరు ఇటు తిరిగిన్రు.

నేను అన్నది ఇది: "బాలనర్సింహ చెయ్యి మంచిది. రంగు వచ్చింది పిప్పితోని, బెండ్లతోని. భట్టి వేడి పెట్టమన్నది నేను. ఆయన కాదు. ఆ రోజే చెప్పవలసింది, చెప్పలే. ఈ మాట బహదూర్‌పురా దాక తీసుకపోన్రి."

చాయ్ తాగేటోళ్ళు గ్లాసులు పట్టుకొని నిలబడ్డరు. తర్వాత ఖాదర్ భాయ్ అన్నడు, "అరే, మున్షీ కు జబాన్ బీ హై మియాఁ. మై ఇత్తే సాల్ సే కలమ్ సమ్ఝా." నాకు నోరు కూడ ఉన్నదని, ఇన్నేండ్లు నన్ను పెన్ను అనుకున్నడని. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్వినట్టున్న.

సేఠ్ గల్లా కాడినుంచి, "నేను కోపంల అన్న రాజన్నా, దానికి గింత లొల్లి ఎందుకు" అన్నడు. కోపంల అన్నది కూడ సైకిలెక్కి పోయింది సేఠ్ అన్న. ఆయన నోట్ల కట్టలు సరిచేసిండు. తర్వాత సైకిళ్ళోళ్ళ దిక్కు తిరిగి, "రాజన్న చెప్పింది ఖరే. నా మాట తప్పు. అడిగిన కాడ గట్లనే చెప్పున్రి" అన్నడు. అంత మాట ఆయన అనంగ నేను చూడలే.

పాత పలకలు, గుడ్డలు ఒక్కటి ఉంచకుండ భట్టిల ఏసి బూడిద చేసినం. వెచ్చబడితే లేస్తయి గని బూడిదైతే లేవవు. బెండ్లు బంద్. అక్కా, నీ పిప్పి కూడ బంద్. కట్టెలు తెప్పిస్తున్నరు. నీ కుంకుమ నీ దగ్గర్నే ఉంచుకో.

కొత్తాయన పోయిండు. ఖమీర్‌ల నిజంగనే నీళ్ళు ఎక్కువ పోస్తుండె. ఇప్పుడు ఖాదర్ భాయ్ వణికే చేతులతోని చూసుకుంటున్నడు. కుండను ఎండకు దూరం జరిపినం.

బాలనర్సింహా, ఎందుకు తల ఎత్తలేదని అడిగినవు. వెతికిన, కారణం దొరకలే. దొరికితే రాస్త. రమ్మని నేను అనను. అడిగే హక్కు ఉన్నదో లేదో తెల్వదు. నీ చెయ్యి పెట్టే చోటు ఖాళీగ ఉన్నది. అది మటుకు జరిగిన సంగతి కనుక రాస్తున్న.

రాజన్న

*

శాలిబండ
4 డిసెంబర్ 2024, బుధవారం
మబ్బు, చలిగాలి. చేసిన పని: ఇంక కాలే. అయినంక రాస్త.

అక్కకు,

భాగ్యశ్రీకి బిడ్డ పుట్టిందని కార్డు అందింది. తల్లీబిడ్డ మంచిగున్నరని రాసినవు. సంతోషం. కార్డు మీద చెయ్యి వేరే ఉన్నది, ఎవరిదో పోల్చలే. బాలనర్సింహ ముచ్చట అందులో లేదు. అడగవద్దనుకున్న, అడుగుతున్నట్టే అయింది.

ఇక్కడ రంగు మళ్ళ రాలే. కొత్త పలకలు రోజూ తిరగేసి చూస్తున్న. తిరగేసి చూసుడు అలవాటయింది. మొన్న నమాజు యాళ్ళకు బజార్ల నడుస్తుంటే పాత గోడ మీద బూడిద రంగు పెచ్చులు చూసి నిలబడ్డ. లైకెన్లు అంటరు, అవి కూడ సంచి వర్గమే. ఇన్నేండ్ల నుంచి ఆ గోడ పొంటి పోతున్న, సున్నం పెచ్చు అనుకున్న. లోపల ఒక పచ్చటి నాచును పెట్టుకొని బతుకుతయట. అది వండుతది, ఇది ఇల్లు కట్టి ఇస్తది. పుస్తకంల పేరు మటుకు ఇల్లు కట్టినదానిదే రాసిన్రు.

ఖమీర్ సంగతి. దీన్ని ఆకలికి మాడిస్తే, తన ఒంటినే సంచి చేసుకొని, అందులో నాలుగు గింజలు కట్టి ఊకుంటదట. చచ్చినట్టే ఉంటది, చావదు. తిండి దొరికితే లేస్తది. మన కుండల అట్ల ఎన్ని ఉన్నయో. ఖాదర్ భాయ్‌కి నిన్నటి నుంచి జ్వరం. సేఠ్ దుకాణంల బేపారం విడిచి రాలేడు. ఈ పూట ముద్ద తీసి రేపటికి పెట్టకపోతే కుండ పుల్లబడుతది. అందుకని నేనే పెట్టాలె. నేను ఎన్నడూ పెట్టలే. సబ్బుతోని మోచేతుల దాక కడుక్కొని, చేతులు ఆరేదాక ఈ ఉత్తరం రాస్తున్న. రివాజు ప్రకారం ఇది నా చెయ్యి కాదు. నాకు ఆ—

షట్టర్ ఎత్తినట్టున్నది. చప్పుడు రాలే గని బల్ల అదిరింది.

బాలనర్సింహ. బట్టల సంచి గల్లా పెట్టె పక్కన పెట్టిండు. చిక్కిండు. నా దిక్కు చూసి, నా తడి చేతుల దిక్కు చూసి, "ఏంది మామా, నువ్వు పెడ్తవా" అన్నడు. నాకు మొత్తం వినబడ్డది. నల్లా కాడికి పోయి చేతులు కడుగుతున్నడు. మీదికెళ్ళి కింది దాక, మళ్ళ మీదికెళ్ళి. నేను కుండ మీది గుడ్డ తీసి పెట్టిన.

అక్కా, మీద అయినంక రాస్త అన్న కాడ రాయవలసింది: ఈ పూట చేసిన పని, ఖమీర్ ముద్ద రేపటికి తీసి పెట్టింది బాలనర్సింహ చెయ్యి.